సవాహిల్ తీరం: ఒక పాఠం చెప్పవలసిన తీరు

ఆఫ్రికా ఖండాన్ని గురించి మన పాఠశాలల్లో సాధారణంగా రెండు పుస్తకాల్లో రెండు విధాలుగా బోధిస్తుంటారు. భూగోళ పుస్తకంలో సింహం, ఏనుగు, జిరాఫీ, విశాలమైన పచ్చిక మైదానాలు కనిపిస్తాయి. చరిత్ర పుస్తకంలో 1498లో వాస్కోడగామా ఓడలు మాలిందీ రేవులో ఆగి, అక్కడినుండి కాలికట్‌కు బయలుదేరతాయి. మొదటి పుస్తకంలో మనుషులు లేరు. రెండవదానిలో ఉన్న మనుషులంతా ఓడ దిగినవారే. ఆ రేవు ఎవరిది, ఓడలు రాకముందు అక్కడ ఎవరున్నారు, వారు ఏ భాష మాట్లాడేవారు అనే ప్రశ్నలు విద్యార్థికి తోచకుండానే పాఠం ముగుస్తుంది. ముస్లిం విద్యాసంస్థలలో ఈ లోటు మరో రూపంలో ఉంది. ఇస్లామీయ చరిత్ర అంటే మక్కా, మదీనా, దమిష్క్, బాగ్దాద్, కుర్తుబా అని వల్లించే విద్యార్థికి కిల్వా అనే పేరు ఒక్కసారి కూడా వినబడదు.

'సఫారీ' అనే మాటనే తీసుకోవచ్చు. నేడు ప్రపంచమంతటా దీనికి అర్థం జీపులో కూర్చుని మృగాలను చూడడం. స్వాహిలీ భాషలో ఆ మాటకు ప్రయాణం అనే అర్థం తప్ప మరొకటి లేదు; అది అరబ్బీ 'సఫర్' నుండి వచ్చింది. ఒక జాతి ప్రయాణం అన్న మాట, పరాయివారి నోట మృగాల వేడుకగా మారిపోయింది. ఆ తీరం చరిత్రకు కూడా పాఠ్యపుస్తకాల్లో అదే గతి పట్టింది.

సోమాలియా నుండి మొజాంబిక్ వరకు సుమారు 3,000 కిలోమీటర్ల పొడవున ఉన్న తీరం ఇది. మొగదిషు, లాము, పాతే, మాలిందీ, మొంబాసా, జంజిబార్, కిల్వా, సొఫాలా దీని మీది ప్రసిద్ధ రేవులు. అరబ్బీలో 'సాహిల్' అంటే తీరం, దాని బహువచనం 'సవాహిల్'. ఉర్దూ తెలిసిన విద్యార్థికి ఈ మాటను వివరించనక్కరలేదు.

పాఠాన్ని పటంతో కాక గాలితో మొదలుపెట్టడం మేలు. నవంబరు నుండి మార్చి వరకు గాలి ఈశాన్యం నుండి వీస్తుంది. అరేబియా, ఇండియా తీరాల ఓడలు దాని బలంతో ఆఫ్రికాకు చేరతాయి. ఏప్రిల్ నుండి గాలి తిరగబడి నైరుతి నుండి వీస్తుంది. అదే ఓడలను తిరిగి ఇంటికి చేరుస్తుంది. మొదటి గాలిని స్వాహిలీలో 'కస్కజీ' అనీ, రెండవదానిని 'కూసీ' అనీ అంటారు. మన పొలాల మీద వాన కురిపించే గాలీ ఇదే. ఇంగ్లీషువారి 'మాన్‌సూన్' కూడా అరబ్బీ 'మౌసిమ్' నుండి పుట్టినదే. ఉర్దూలో అదే 'మౌసమ్'.

గాలి తిరిగేదాకా వర్తకుడు తిరిగి వెళ్ళలేడు. నెలల తరబడి ఆ ఊళ్ళోనే ఉండాలి. ఉండాలంటే ఇల్లు కావాలి, పూచీపడే బంధువర్గం కావాలి, నమాజుకు చోటు కావాలి. పెళ్ళిళ్ళు జరిగాయి, పిల్లలు పుట్టారు. పాతే ద్వీపంలోని షంగాలో 1980లలో జరిగిన తవ్వకాల్లో, తరువాతి కాలపు మసీదుల కింద క్రీ.శ. 8వ శతాబ్ది చివరినాటి చిన్న కర్ర మసీదు ఆనవాళ్ళు బయటపడ్డాయి. అంటే ఇస్లాం ఈ తీరానికి సైన్యాలతో రాలేదు. గాలికోసం ఎదురుచూస్తూ కూర్చున్న వర్తకుల వెంట వచ్చింది. జంజిబార్‌లోని కిజింకాజి మసీదులో హిజ్రీ 500 (క్రీ.శ. 1107) నాటి కూఫీ శాసనం నేటికీ ఉంది.

ఈ నగరాలను కట్టినది ఎవరన్న విషయంలో చాలాకాలం వివాదం నడిచింది. వలస పాలకుల కాలపు రచయితలు ఇదంతా అరబ్బులు, పారశీకులు తెచ్చిపెట్టిన నాగరికత అన్నారు. ఆఫ్రికనులు రాతి కట్టడాలు కట్టగలరని ఒప్పుకోవడం వారికి కష్టమైంది. ఆ తరువాతి పండితులలో కొందరు, షీరాజ్ నుండి వచ్చిన పూర్వీకులను గురించి కిల్వా చరిత్ర చెప్పేదంతా కల్పన అని కొట్టివేశారు. 2023లో ప్రచురితమైన ఒక పరిశోధన, ఈ ప్రాంతపు పాత సమాధుల్లోని 80 మంది అవశేషాల జన్యువులను పరిశీలించింది. తీర నగరాల్లో చాలామందికి తల్లుల వంశం ఆఫ్రికాది, తండ్రుల వంశం ఎక్కువగా పర్షియా వైపుది అనీ, ఈ కలయిక క్రీ.శ. 1000 ప్రాంతంలో మొదలైందనీ తేలింది. రెండు వాదాలలో ఏదీ పూర్తిగా నిలబడలేదు. ఇంట్లో బిడ్డకు మాటలు నేర్పింది తల్లి. అందుకే ఆ భాష ఆఫ్రికా భాషగానే మిగిలింది.

దీన్ని తరగతిలో నల్లబల్ల మీద రెండు వరుసల్లో చూపవచ్చు. స్వాహిలీలో సింహం 'సింబా', ఏనుగు 'తెంబో', జిరాఫీ 'త్విగా', చిరుత 'చూయి'. ఇవన్నీ బంటు మాటలు. ఇక పుస్తకం 'కితాబు', విద్య 'ఎలిము', సమయం 'వకాతి', లోకం 'దునియా', ఉపాధ్యాయుడు 'మ్వాలిము'. రెండవ వరుసను తెలుగు ముస్లిం పిల్లవాడు ఎవరి సహాయమూ లేకుండా చదివేస్తాడు. టాంజానియా మొదటి అధ్యక్షుడు జూలియస్ నైరేరే క్రైస్తవుడు. అయినా ప్రజలు ఆయనను ఆప్యాయంగా పిలిచినది 'మ్వాలిము' అనే.

మృగాల సంగతికి వస్తే, వాటిని చరిత్రనుండి విడదీసి చెప్పడమే అసలు తప్పు. ఈ తీరానికి ఓడలను లాగింది ముఖ్యంగా ఏనుగు. క్రీ.శ. మొదటి శతాబ్దిలో గ్రీకు భాషలో రాసిన నౌకాయాన గ్రంథం 'పెరిప్లస్' ఇక్కడి ఎగుమతుల్లో ఏనుగు దంతం, ఖడ్గమృగం కొమ్ము, తాబేటి చిప్ప పేర్కొన్నది. మస్ఊదీ హిజ్రీ 304 (క్రీ.శ. 916)లో ఈ సముద్రం మీద ప్రయాణించాడు. తాను తిరిగిన సముద్రాలన్నిటిలో ఇంత ప్రమాదకరమైనది మరొకటి లేదని రాశాడు. ఇక్కడివారు ఎద్దులనే వాహనాలుగా వాడతారనీ, వారికి గుర్రాలు లేవనీ, చిరుత తోళ్ళు ధరిస్తారనీ చెప్పాడు. దంతాలు ఒమాన్ చేరి, అక్కడినుండి హిందూ దేశానికీ చైనాకూ పోతాయనీ, హిందూ దేశంలో వాటితో కత్తుల పిడులు, చదరంగపు పావులు చేస్తారనీ వివరించాడు.

ఏనుగులున్న దేశానికి ఆఫ్రికా దంతం ఎందుకు? ఈ ప్రశ్న విద్యార్థులను అడిగి చూడాలి. ఆఫ్రికా ఏనుగుల్లో మగవాటికీ ఆడవాటికీ కూడా దంతాలుంటాయి, అవి పెద్దవి, చెక్కడానికి అనువైనవి. మన ఆడ ఏనుగుకు బయటికి కనిపించే పెద్ద దంతాలుండవు. పైగా మన రాజులకు ఏనుగు బతికి ఉండి యుద్ధంలో పనికిరావాలి. ఇలా జంతుశాస్త్రం పాఠం తనంతట తానే వాణిజ్య చరిత్రలోకి నడుస్తుంది.

జిరాఫీ కథ పిల్లలకు మరింత నచ్చుతుంది. 1414లో బెంగాలు సుల్తాను చైనా చక్రవర్తికి ఒక జిరాఫీని కానుకగా పంపాడు. మరుసటి సంవత్సరం మాలిందీనుండి మరొకటి చేరింది. చైనావారు దానిని తమ పురాణాల్లోని శుభ మృగంగా భావించి చిత్రం గీయించారు. ఇంగ్లీషు పేరు కూడా అరబ్బీ 'జరాఫా' నుండి వచ్చినదే.

వృక్షాల్లో మడ చెట్టును విడిచిపెట్టకూడదు. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవి చూసినవారికి దీన్ని వర్ణించనక్కరలేదు. చెట్లు లేని గల్ఫ్ దేశాలకు ఈ తీరంనుండి మడ కర్రలు ఓడల్లో వెళ్ళేవి. 20వ శతాబ్ది వరకూ ఆ వ్యాపారం సాగింది. అక్కడి పాత ఇళ్ళలో గదుల వెడల్పు మూడు మీటర్లకు అటూ ఇటూగా ఉండడానికి కారణం, పైకప్పుకు వేసే ఈ కర్ర పొడవు అంతే కావడం.

ఇబ్నె బతూతా 1331లో ఈ తీరానికి వచ్చినప్పుడు మొగదిషులో ఆయనకు విడిది ఇచ్చినది విద్యార్థుల వసతి గృహంలో. అక్కడ నేతితో వండిన అన్నం, దాని మీదికి మాంసం, చేపలు, కూరలు, పాలల్లో ఉడికించిన అరటికాయ, పెరుగు, ఊరవేసిన నిమ్మకాయ, పచ్చి అల్లం, మామిడి వడ్డించారు. పచ్చి మామిడి పుల్లగా ఉంటుందనీ, దాన్ని ఊరగాయ పెడతారనీ ఆ మొరాకోవాసి ఎంతో వింతగా రాసుకున్నాడు. తెలుగువారికి ఇందులో వింత ఏమీ లేదు.

కిల్వా సుల్తాను హసన్ బిన్ సులైమాన్‌కు 'అబుల్ మవాహిబ్', అంటే దానాలకు తండ్రి, అని పేరు. ఒక జుమా నమాజు తరువాత ఒక యమనీ ఫకీరు ఆయనను ఆపి, ఒంటిమీది బట్టలు అడిగాడు. సుల్తాను ఖతీబు గృహంలోకి వెళ్ళి, వేరే దుస్తులు కట్టుకుని, వాటిని ఇచ్చేశాడు. కుమారుడు ఆ బట్టలు తిరిగి తీసుకుని బదులుగా పదిమంది బానిసలను ఇచ్చాడు. ప్రజల మెప్పు విన్న సుల్తాను మరో పదిమంది బానిసలనూ, రెండు బరువుల ఏనుగు దంతాన్నీ ఇప్పించాడు.

ఈ కథను ఔదార్యానికి నిదర్శనంగా చెప్పి ఊరుకోవడం పరిపాటి. కాని తరగతిలో ఏ పిల్లవాడో లేచి, ఆ ఇరవైమంది ఎవరు అని అడుగుతాడు. అడగాలి కూడా. ఇబ్నె బతూతాయే ఈ సుల్తాను లోతట్టు జంజ్ ప్రాంతాల మీద దాడులు చేసి సొత్తు తెచ్చేవాడని రాశాడు. బసరా ఉప్పు నేలల్లో వెట్టికి గురైన జంజ్ బానిసలు క్రీ.శ. 869లో తిరుగుబాటు చేసి, 883 దాకా అబ్బాసీ సైన్యాలను ఎదిరించారు. పాశ్చాత్య రచయితలు తమ దేశాల అట్లాంటిక్ వ్యాపారాన్ని మరుగుపరచి అరబ్బుల బానిస వ్యాపారాన్నే చాటుతారన్న ఫిర్యాదు నిజమే కావచ్చు. దానికి జవాబు ఈ పుటలు చింపివేయడం కాదు. బానిసను విడిపించడాన్ని పుణ్యకార్యంగా, పాపాలకు పరిహారంగా నిర్దేశించిన దివ్య ఖుర్ఆన్‌ను చదివే విద్యార్థికి, ముస్లిం పాలకులు ఆ ఆదేశానికి ఎంత దూరం జరిగారో తెలుసుకునే హక్కు ఉంది. హైదరాబాదు విద్యార్థికి ఇది దూరపు సంగతి కూడా కాదు. ఏ.సి. గార్డ్స్ అనే పేట పేరు నిజాం కొలువులోని ఆఫ్రికా అశ్వదళం నుండి వచ్చినదే. అక్కడి సిద్దీ కుటుంబాల పిల్లలు అదే తరగతిలో పక్క బెంచీ మీద కూర్చుని ఉండవచ్చు.

19వ శతాబ్దిలో ఏనుగు కథ, మనిషి కథ మరింత పెనవేసుకున్నాయి. ఒమాన్ పాలకుడు సయ్యిద్ సయీద్ తన రాజధానిని జంజిబార్‌కు మార్చుకుని లవంగ తోటలు పెంచాడు. వాటిలో పని బానిసలది. అదే కాలంలో ఐరోపా, అమెరికాలలో పియానో మెట్లకూ బిలియర్డ్ బంతులకూ దంతం గిరాకీ పెరిగింది. తీరంలో ఏనుగులు తరిగి, వేట టాంగన్యికా సరస్సు దాటి లోపలికి పోయింది. అక్కడినుండి సరుకు తేవడానికి ఎద్దుబండ్లు, గుర్రాలు పనికిరావు. సెట్సీ ఈగ కుట్టిన పశువు బతకదు. కనుక దంతం మనిషి భుజం మీదనే రావాలి. ఆ మోతగాళ్ళలో కూలికి వచ్చిన న్యామ్వేజీలు చాలామంది, బానిసలూ ఉన్నారు. అందరూ బానిసలేనన్న చిత్రం సరికాదు. ఈగ మనుషులను మోతగాళ్ళను చేసింది కాని బానిసలను చేయలేదు. అది మనుషులు చేసిన పని. జంజిబార్ బానిసల సంత 1873లో మూతపడింది.

పోర్చుగీసుల అధ్యాయాన్ని క్లుప్తంగా ముగించవచ్చు. 1505లో ఆల్మేడా నౌకాదళం కిల్వాను, మొంబాసాను కొల్లగొట్టింది, మొంబాసాను తగలబెట్టింది. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. మాలిందీనుండి గామాకు దారి చూపినది ప్రసిద్ధ నావికుడు ఇబ్నె మాజిద్ అని చాలా పుస్తకాల్లో ఉంది. పోర్చుగీసు చరిత్రకారుడు బరోస్ మాత్రం ఆ దారి చూపినవాడు గుజరాతు ముస్లిం అని రాశాడు. ఇబ్నె మాజిద్ పేరును ఆధునిక పండితులు అంగీకరించడంలేదు. పేరు గొప్పదని రుజువులేని మాటను పిల్లలకు నేర్పకూడదు.

ఏనుగుకు నేటికీ విశ్రాంతి దొరకలేదు. అంతర్జాతీయ దంత వ్యాపారాన్ని 1989లో నిషేధించారు. అయినా టాంజానియాలో 2009లో సుమారు 1,09,000 ఉన్న ఏనుగులు 2014 నాటికి దాదాపు 43,000కు పడిపోయాయి. ఆ దంతంలో చాలా భాగం చేరినది మస్ఊదీ పేర్కొన్న చైనాకే.

కిల్వాలో ఇప్పుడు రాజులు లేరు. ఊరంతా కర్రతో కట్టినదని ఇబ్నె బతూతా రాసినా, అక్కడ నిలిచి ఉన్నవి పగడపు రాతి గుమ్మటాల పెద్ద మసీదు, నూరుకు పైగా గదుల హుసూని కుబ్వా భవనం. పుస్తకాన్నీ నేలనూ పక్కపక్కన పెట్టి చదవడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు. హసన్ బిన్ సులైమాన్ పేరున్న ఒక నాణెం సముద్రానికి ఎంతో దూరాన, బంగారం వచ్చిన దారిలో, గ్రేట్ జింబాబ్వే శిథిలాల్లో దొరికింది. యునెస్కో 1981లో కిల్వాను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. వానకూ కెరటాలకూ గోడలు ఒరిగిపోతుండడంతో 2004లో ప్రమాదంలో ఉన్న స్థలాల జాబితాలో చేర్చి, మరమ్మతుల తరువాత 2014లో తొలగించింది. కెరటాల దెబ్బకు అడ్డుగా ఒడ్డున రాతి కట్టలు వేశారు, మళ్ళీ మడ మొక్కలు నాటారు.