సెయింట్ పాల్స్ గుమ్మటం మీద పంది మూత్రాశయాలు

విమానంలోంచి దూకిన మనిషి వేగం ఎంతసేపు పెరుగుతూ పోతుంది? సుమారు పన్నెండు సెకన్లు, అంతే. ఈ లెక్కకు మూలం వెతుకుతూ పోతే పంది మూత్రాశయాలు తగిలాయి. ఇక వాటిని వదల్లేకపోయాను.

1719లో డిసగులియర్స్ అనే పాదిరీ, పడే వస్తువులను గాలి ఎంత అడ్డుకుంటుందో చూడడానికి, వాటిని లండన్‌లోని సెయింట్ పాల్స్ చర్చి గుమ్మటం పైనుంచి కిందికి వదిలాడు. ముందు తడి మూత్రాశయాన్ని గుల్లగా తొలిచిన కొయ్య గోళంలో పెట్టి, గాలి ఊది, ఐదంగుళాల బంతిలా తయారుచేశారు. ఎత్తు 272 అడుగులు. జతగా వదిలిన సీసపు గుండ్లు నాలుగుంపావు సెకన్లలో నేలకు చేరాయి. మూత్రాశయాలకేమో 17 నుంచి 22 సెకన్లు పట్టింది. అవి కొన్నిసార్లు తిన్నగా పడకుండా అటూ ఇటూ ఊగాయనీ, ఒకటి ముడతలు పడి ఇంకాస్త ఆలస్యమైందనీ న్యూటన్ తన ప్రిన్సిపియా గ్రంథం 1726 నాటి ముద్రణలో నమోదు చేశాడు. అప్పటికి ఆయనకు ఎనభై మూడేళ్ళు!

అంతకు ముందు 1710లో అదే చర్చిలో హాక్స్‌బీ అనే శాస్త్రవేత్త గాజు బంతులు వదిలాడు. కొన్నిట్లో పాదరసం, కొన్నిట్లో ఒట్టి గాలి. బంతులు పెట్టిన పలకకు ఒకవైపు బందులు, రెండోవైపు ఆనుగా ఒక మేకు. కింద నిలబడ్డవాడు ఇనుప తీగ లాగితే మేకు ఊడుతుంది, అదే క్షణాన సెకన్లు కొట్టే లోలకమూ కదులుతుంది. 220 అడుగులు దిగడానికి పాదరసం బంతికి నాలుగు సెకన్లు, గాలి బంతికి ఎనిమిది పైచిలుకు. ఇంత చక్కటి ఏర్పాటు మన పాఠ్యపుస్తకాల్లో చోటు దక్కించుకోలేదు. గెలీలియో పీసా గోపురం మీంచి గుండ్లు వదిలాడన్న, జరిగిందో లేదో తేలని కథ మాత్రం ప్రతి పిల్లవాడికీ తెలుసు. పడే వస్తువును గాలి చివరికి ఒకే వేగానికి తెస్తుందని 1638లో ఆ గెలీలియోయే రాశాడు. మనమేమో "గాలి నిరోధాన్ని ఉపేక్షించుము" అని లెక్క మొదలుపెడతాం.

ఉపేక్షిస్తే ఏమవుతుంది? ఐదో సెకను చివర స్కైడైవర్ గంటకు 176 కిలోమీటర్ల వేగంతో పడుతూ ఉండాలి. నిజానికి 140 దగ్గరే ఉంటాడు. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలవుతుంది. ఆ అడ్డు మనిషి బరువుతో సమానమయ్యాక వేగం పెరగదు. బోర్లా పడేవాడికి అది గంటకు 195 కిలోమీటర్ల దగ్గర. తలకిందులైతే ఇంకా ఎక్కువ.

న్యూటన్ తర్వాతి రెండు శతాబ్దాలనూ ఒక్క గెంతులో దాటేద్దాం. 20వ శతాబ్దం మొదట్లో కూడా, పారాషూట్ తెరవకుండా కాసేపు పడితే మనిషికి స్పృహ తప్పుతుందని చాలామంది నమ్మేవారు. 1919 ఏప్రిల్ 28న అమెరికాలో లెస్లీ ఇర్విన్ దూకి, కాసేపు ఊరికే పడి, ఆ తర్వాత తాడు తనే లాగాడు. స్పృహ తప్పలేదు. నేల తాకినప్పుడు చీలమండ మాత్రం విరిగింది.

గాలి పలచనైన చోట ఈ లెక్కే వేరు. 1960లో కిట్టింగర్ అనే పైలట్ 31 కిలోమీటర్ల ఎత్తు నుంచి దూకి గంటకు 988 కిలోమీటర్లు అందుకున్నాడు. 2012లో బామ్‌గార్ట్‌నర్ అనే స్కైడైవర్ 39 కిలోమీటర్ల నుంచి దూకి 1,357 అందుకున్నాడు, ధ్వనినే దాటేశాడు. అదీ మొదటి నిమిషంలోనే. ఆ తర్వాత గాలి చిక్కబడుతూ రావడంతో, పారాషూట్ తెరవకముందే, పడుతూనే అతని వేగం తగ్గిపోయింది.