రదీఫ్ కంటే ముందే



పోయిన నెల బోధన్ శక్కర్‌నగర్‌లో ఒక పాత దోస్తు ఇంట్లో చిన్న నషిస్త్ జరిగింది. 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015లో ఆగిపోయింది గానీ, అందులో పనిచేసిన బుజుర్గుల షాయరీ షౌక్ ఆగలేదు. తొమ్మిదో తరగతి చదివే నా బిడ్డను వెంట తీసుకుపోయాను. షాయర్ రెండో మిస్రా సగంలో ఉండగానే ముసలాయనలు చివరి మాట తామే అందుకుని "వాహ్వా" అన్నారు. బిడ్డ నా చెవిలో అడిగింది: "అబ్బూ, ఇది పాత గజలా? వీళ్లకు ముందే ఎట్ల తెలిసింది?"

పాతది కాదు. ఆ పూటే మొదటిసారి వినిపించిన గజల్.

ఈ సవాలు మీద వెయ్యేళ్ల కిందనే ఒకాయన ఫికర్ చేశాడు. బస్రాలో 965లో పుట్టిన ఇబ్న్ అల్ హైసమ్. కైరోలో ఉండి రాసిన 'కితాబుల్ మనాజిర్'లో ఆయన చూపు కంటితో పూర్తికాదనీ, దిమాగ్‌లో పూర్తవుతుందనీ అన్నాడు. చూపుకు అందే ఇరవై రెండు గుణాలలో హుస్న్‌ను కూడా లెక్కపెట్టి, దాని జడ తనాసుబ్‌లో, అంటే భాగాల పొందికలో ఉందన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. చదువు వచ్చినవాడు 'అబ్జద్' అనే లఫ్జ్ చూస్తే ఒక్కో అక్షరం కూడబలుక్కోడు, చూసీ చూడగానే గుర్తుపడతాడు. ఎందుకంటే ఆ రూపం అతని యాద్‌లో ముందే ఉంది.

ఇప్పటి సైన్స్ మిషన్లు పెట్టి అదే తలుపు తడుతోంది. 2011లో లండన్‌లో ఇషిజు, జెకీ అనే ఇద్దరు పరిశోధకులు కొందరికి బొమ్మలు చూపించి, సంగీతం వినిపించి, వాళ్ల మెదళ్లను స్కాన్ చేశారు. అందంగా ఉందనిపించినప్పుడల్లా, అది కంటితో వచ్చినా చెవితో వచ్చినా, నుదుటి వెనక, కళ్లకు కాస్త పైన ఉండే ఒకే భాగం చురుకైంది. అదే ఏడాది మాంట్రియల్‌లో సలీంపూర్, జటోరె బృందం 8 మందికి వాళ్లకు ఒళ్లు జలదరింపజేసే పాటలే వినిపించింది. జలదరింపు వచ్చిన క్షణంలో దిమాగ్‌లో ఒక చోట డోపమైన్ విడుదలైంది. అంతకు ముందే, ఆ ఘడియ కోసం ఎదురుచూస్తున్నప్పుడే, మరో చోట విడుదలైంది. అంటే మజా దొరకడంలోనే కాదు, ఇంతజార్‌లో కూడా ఉంది.

వాళ్లు గజల్‌ను పరీక్షించలేదు. కానీ గజల్ కట్టడమంతా ఇంతజార్ మీదే నిలబడింది. మత్లాలో కాఫియా, రదీఫ్ తెలిసిపోతాయి. తర్వాత ప్రతి షేర్‌లో మొదటి మిస్రాను షాయర్ రెండుసార్లు చదివి ఆపుతాడు. వినేవాడి దిమాగ్ కాఫియా కోసం వెతుకుతుంది. దొరికిందా, దాద్ దానంతటదే నోట్లోంచి వస్తుంది. కానీ చెవికి అలవాటు లేనివాడికి ఇంతజార్ ఎక్కడిది? నా బిడ్డకు ఆ రోజు మాటలు వినపడ్డాయి, మజా అందలేదు. కసూర్ తనది కాదు. ఇంట్లో వినిపించని నాది.

"ఉర్దూ మనకెందుకు, తెలుగు చాలదా?" అంటారు కొందరు. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాడిని, నా జవాబు మన నిజామాబాద్ ఖిల్లాలోనే ఉంది. నిజాం హుకూమత్‌ను ఎదిరించిన దాశరథి కృష్ణమాచార్య 1948లో అక్కడి జైల్లో బొగ్గుతో గోడల మీద పద్యాలు రాశారు. ఆయన్ని ఖైద్ చేసిన సర్కారు జబాన్ ఉర్దూ. అయినా అదే దాశరథి తర్వాత గాలిబ్‌ను 'గాలిబ్ గీతాలు'గా తెలుగులోకి తెచ్చారు, తెలుగులోనే గజళ్లు రాశారు. కోపం హుకూమత్ మీద, జబాన్ మీద కాదు. ఒక దిమాగ్‌లో రెండు హుస్న్‌లకు జాగా ఉంటుంది.

ఇప్పుడు మా ఇంట్లో రాత్రి ఖానా అయ్యాక ఒక గజల్ మత్లా చదువుతాను. తర్వాతి షేర్‌లో కాఫియా దగ్గర ఆగుతాను. బిడ్డ చెప్పేది చాలాసార్లు తప్పే. పర్వాలేదు, ఎదురుచూడడం మొదలైంది.