ఏ మందు కొట్టావు?

గేటు చప్పుడైనా లడ్డూ రాలేదు.

రోజూ మీ చెప్పులు విప్పకముందే కాళ్లకి చుట్టుకునేది. ఇవాళ కొళాయి గట్టు పక్కన ముడుచుకుని పడుకుంది. తెల్లటి స్పిట్జ్, ఎనిమిది కిలోలుంటుందేమో. మూతి కింద బొచ్చంతా తడిసి జిగురుగా ఉంది. నీళ్లనుకుని చెయ్యి పెడతారు. నీళ్లు కావు, చొంగ. ఓ అడుగు దూరంలో నురగతో కక్కు, అందులో గడ్డిపరకలు.

జంషెడ్‌పూర్‌లో జులై సాయంత్రం. మధ్యాహ్నం నుంచి వాన తెరిపిచ్చింది. కదమాలోని మీ క్వార్టర్ ముందు లాన్‌లో తుంగ, వయ్యారిభామ మోకాలెత్తు లేచాయని మాలీని రమ్మన్నారు. మీరు లేని వేళ వచ్చి పని కానిచ్చుకుని పోయినట్టున్నాడు. ఆకుల మీద తడి ఇంకా మెరుస్తోంది. గాల్లో ఫినాయిలు వాసన.

ముందు కప్ప గుర్తొస్తుంది. వానాకాలం గోదురుకప్పని నోట కరిచిన కుక్క కూడా ఇలాగే నురగ కక్కుతుంది. పామేమోనని మూతి, పాదాలు తడుముతారు. వాపు లేదు, గాటు లేదు. పెదవి ఎత్తి చూస్తారు. చిగుళ్లు ఎర్రబడ్డాయి గానీ పుండ్లు లేవు.

"లడ్డూ, లే."

లేవబోతుంది. ముందు కాళ్లు లేచాయి. వెనక కాళ్లు బిగుసుకుపోయాయి. రెండడుగులు ఈడ్చి, పక్కకి ఒరిగిపోయింది.

ఇది కప్ప కాదు. లాన్‌లో కొట్టిన మందే.

గోడ మీంచి పక్కింటి పిన్నిగారు చూశారు. ఆవిడది శ్రీకాకుళం. ఈ ఊరు వచ్చి నలభై ఏళ్లయినా యాస చెక్కుచెదరలేదు. "ఏటలా చూస్తన్నావమ్మా? గ్లాసుడు పాలు పట్టీ, ఇసం ఇరిగిపోద్ది."

మీ చెయ్యి ఫ్రిజ్ వైపు పోతుంది. ఆగండి. మింగడానికే తడబడుతున్న కుక్క గొంతులో పాలు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. నూనె అయినా అంతే. కక్కిద్దామని ఉప్పునీళ్లు పడితే ఒంట్లో ఉప్పు పెరిగిపోయి అదో కొత్త విషం. ఇప్పటికే కక్కింది. ఇక నోట్లో ఏమీ పొయ్యకండి.

కడగండి. అంట్లు తోమే గ్లవ్స్ తొడుక్కుని మూతి, పాదాలు, పొట్ట కింద మామూలు నీళ్లతో కడగాలి. పాదాలకి అంటిన మందుని అది మళ్లీ నాకుతుంది కదా. కొళాయి తిప్పుతారు. అప్పుడు కనబడింది గట్టు వెనక బకెట్. మాలీ మందు కలిపిన బకెట్. అడుగున నాలుగు వేళ్ల లోతు, టీ రంగు నీళ్లు.

బకెట్ అంచుకి అతుక్కుని మూడో నాలుగో తెల్ల వెంట్రుకలు.

తాగింది.

ఇంతసేపూ మీరు లాన్‌నే అనుమానిస్తున్నారు. అందరూ అంతే. పదిహేను లీటర్ల ట్యాంకు నీళ్లలో కలిపి తోటంతా చిమ్మిన మందు ఆకు మీద ఆరిపోయాక కుక్కని మంచం పట్టించడం అరుదు. తడి ఆరేదాకా లోపల కట్టేస్తే చాలావరకు గండం గడిచినట్టే. ప్రాణం మీదికి తెచ్చేది చిమ్మకుండా మిగిలిందే: కలిపిన బకెట్, మూత సరిగా పెట్టని సీసా.

ఫోన్. మాలీ ఎత్తాడు.

"ఏ మందు కొట్టావు?"

"ఘాస్ మార్నే వాలా దవాయి, దీదీ."

గడ్డి చంపే మందు. పేరు? తెలీదు. సీసా? సైకిల్ సంచిలో ఉంది. "ఫోటో తీసి పంపు. ఇప్పుడే. సైకిల్ ఆపు."

లడ్డూని తువ్వాల్లో చుట్టారు. ఆటో. బిస్టుపూర్. రామమందిరం ముందునుంచే వెళ్తున్నారు. తెలుగువాళ్ల గుడి, ఎప్పుడూ చెయ్యి దానంతటదే కళ్లకి పోతుంది. ఇవాళ రెండు చేతులూ ఖాళీ లేవు. ఒళ్లో ఒళ్లు బిగుస్తోంది. వదులుతోంది. మళ్లీ బిగుస్తోంది.

ఫోటో రాలేదు.

మందు పేరుతో ఏం పని అంటారా? చాలా పని. మన తెలుగు జిల్లాల్లో గడ్డిమందు అనగానే ఆస్పత్రిలో అందరి మొహాలూ పాలిపోయేది పారాక్వాట్ అనుకుని. అమ్మే సీసాలో 24 శాతం. విరుగుడు లేదు. నోరు పుండ్లు పడుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి, కొన్ని రోజులకి ఊపిరితిత్తులు గట్టిపడతాయి. ఆక్సిజన్ పెడితే ఆ దెబ్బ ఇంకా ముదురుతుంది, అందుకే డాక్టర్లు అదీ ఆచితూచి పెడతారు. గ్లైఫోసేట్ అయితే కథ వేరు. అందులో కలిపే సబ్బులాంటి పదార్థమే ఎక్కువగా కడుపుని కెలుకుతుంది. గ్లైఫోసేట్‌ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఎవరూ వాడకూడదని కేంద్రం 2022 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వు సంగతి సైకిల్ మీద తిరిగే మాలీకి చెప్పిన నాథుడు ఉన్నాడా?

క్లినిక్. బల్ల మీద పడుకోబెట్టారు. డాక్టరు టార్చి వేసి కళ్లు చూస్తున్నారు. కంటిపాపలు సూదిమొనంత అయితే పురుగుమందని అనుమానించి అట్రోపిన్ ఎక్కిస్తారు. లడ్డూ పాపలు మామూలుగానే ఉన్నాయి. తొడ మీద వేలితో తట్టారు. కండ బిగుసుకుంది. వెంటనే వదలలేదు.

"ఎప్పుడు తాగింది?"

"మధ్యాహ్నం తర్వాత."

"ఏం మందు?"

ఫోన్ మోగింది. ఫోటో. సీసా మీద మట్టి. విషం ఎంత తీవ్రమో చెప్పే రంగు గుర్తు సగం చెరిగిపోయింది. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ, ఏదైనా కావచ్చు. ఆ రంగు ప్రయోగశాల జంతువుల మీద, ముఖ్యంగా ఎలుకల మీద లెక్కగట్టి వేసింది. మీ ఒళ్లో ఉన్నది ఎలుక కాదు. ఫోటో పెద్దది చేస్తారు. అక్షరాలు కనబడ్డాయి: 2,4-డి అమైన్ సాల్ట్, 58 శాతం.

డాక్టరు తలాడించారు. "పారాక్వాట్ కాదు. సెలైన్ పెట్టండి."

2,4-డి ఆమ్లం జాతి మందు. మనిషి కిడ్నీలు దాన్ని చకచకా మూత్రంలోకి నెట్టేస్తాయి. కుక్క కిడ్నీలకి ఆ పని చేతకాదు, మందు ఒంట్లోనే తిరుగుతుంది. అందుకే సెలైన్‌తో పాటు సోడా బైకార్బ్ ఎక్కిస్తారు. మూత్రం క్షారంగా మారితే మందు తిరిగి రక్తంలోకి పోకుండా అందులోనే చిక్కుబడి బయటికి పోతుంది. వాంతులు కట్టాక బొగ్గుపొడి, కిలోకి ఒకటి రెండు గ్రాముల లెక్కన. రేపు కిడ్నీ పరీక్ష.

"బతుకుతుందా?"

"రాత్రంతా చూడాలి. బకెట్ పారబోశారా?"

పారబోయలేదు. ఆ మాటతో ఇంకోటి తట్టింది. మళ్లీ మాలీకి ఫోన్.

"ఇవాళ ఇంకెక్కడ కొట్టావు?"

"మీ లైన్లోనే దీదీ, ఇంకో రెండిళ్లు."

"బకెట్లు?"

"వాళ్లవే. అక్కడే వదిలేశా."

చివరింట్లో లాబ్రడార్ పిల్ల ఉంది. కనబడిందల్లా నోట్లో పెట్టుకునే వయసు. నంబరు వెతికి నొక్కుతారు. మోగుతోంది. మోగుతోంది. ఎత్తారు.

"అక్కా, ఎందుకని తర్వాత అడుగు. ముందు కుక్కపిల్లని లోపల కట్టేయ్. కొళాయి దగ్గరికెళ్లి చూడు."