కరెంటు పోతే మరిచిపోయే ఫోను

1959 ఫిబ్రవరి 4న భిలాయ్ ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. సోవియట్ సాయంతో లేచిన ఆ కర్మాగారంలో పని వెతుక్కుంటూ ఉత్తరాంధ్ర నుంచి ఎందరో తెలుగువాళ్లు వచ్చి స్థిరపడ్డారు. రాత్రీ పగలూ ఆగని కొలిమికి ఆగని ఫోను కూడా కావాలి. అందుకే ఉక్కు కర్మాగారంలో టెలికమ్యూనికేషన్స్‌కు ఒక విభాగమే ఉంది.

ఆ కాలపు ఎక్స్‌ఛేంజి మొరటుదే గానీ మతిమరుపు ఎరగదు. 1891లో అమెరికాలో పేటెంటు పొందిన స్ట్రౌజర్ పద్ధతిలో, డయలు తిప్పిన కొద్దీ సెలెక్టర్లు టకటకా మెట్లెక్కి అవతలి లైను పట్టుకునేవి. ఏ నంబరు ఎవరిదన్నది తీగల జోడింపులోనే ఉండేది. కరెంటు పోయినా రెండు వోల్టుల సీసం సెల్లులు ఇరవై నాలుగు కలిసి 48 వోల్టులు అందించేవి. అవీ చచ్చిపోతే మాట తెగేది, నంబరు మాత్రం చెరిగేది కాదు.

1984లో టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ పుట్టింది. అది రూపొందించిన 128 పోర్టుల ఎక్స్‌ఛేంజి వంటి ఎలక్ట్రానిక్ పెట్టెలు క్రమంగా ఆఫీసుల్లోకి వచ్చాయి. ఎవరికి ఎస్‌టీడీ (దూరపు ఊళ్లకు నేరుగా డయలు చేసే వీలు) ఉండాలి, బయటి కాల్ ఏ బల్లమీద మోగాలి అన్నవి తీగల్లోంచి మెమరీ చిప్పులోకి మారాయి. చాలా మోడళ్లలో కరెంటు లేనప్పుడు ఆ చిప్పును బతికించేది కార్డుమీద టంకం పెట్టిన 3.6 వోల్టుల చిన్న సెల్లు.

చిక్కంతా అక్కడే. సెల్లు నీరసించినా, కరెంటు ఉన్నన్నాళ్లూ ఏ లోపమూ బయటపడదు. యూపీఎస్ కూడా చేతులెత్తేసేంత పొడుగు కోత వచ్చిన నాడు, పెట్టె ఫ్యాక్టరీలోంచి వచ్చినప్పటి అమరికలకు మళ్లుతుంది. మేనేజరు ఫోను స్టోరు గదిలో మోగుతుంది, తాళం వేసిన ఎస్‌టీడీ అందరికీ తెరుచుకుంటుంది.

మూత తీస్తే సెల్లు చుట్టూ పచ్చటి తుప్పు, దాని పక్కన తినేసిన రాగి గీత కనిపించడం కొత్తేమీ కాదు. ముందు మీటరుతో వోల్టేజీ చూడాలి. కార్డు పీకేముందే ప్రోగ్రామును ప్రింటు తీసుకోవాలి, లేదంటే సెల్లు మార్చేటప్పుడు మిగిలినదీ పోతుంది. ఎక్స్‌టెన్షన్ల పట్టికను రిజిస్టరులో రాసి ఉంచుకున్న ఆపరేటరు ఉంటే పూటలో పని తెములుతుంది.

తర్వాత వచ్చిన ఫ్లాష్ మెమరీకి ఈ బెడద లేదు. అయినా చాలా పెట్టెల్లో గడియారం ఇంకా చిన్న సెల్లుమీదే నడుస్తోంది. అది అయిపోతే నంబర్లన్నీ సరిగానే ఉంటాయి, కాల్ బిల్లులో మాత్రం ఏదో పాత సంవత్సరపు తేదీ పడుతుంది.