సిరాజ్ ఆ జమానాలో పుట్టి ఉంటే



క్రికెట్ సీజన్ వచ్చిందంటే సత్తెనపల్లి చాయ్ దుకాణాల్లో ఒక బహస్ తప్పదు. "ఇప్పటి వాళ్లను ఆ జమానాలో వదిలితే తెలిసేది" అని పెద్దవాళ్లు అంటారు. "ఆ రోజుల్లో ఆడిందేముంది, మజాకా" అని కుర్రాళ్లు. బంతి వేగం, బ్యాటు బరువు, పిచ్ మీద తడి, వీటి దగ్గరే తిరిగి చాయ్ అయిపోతుంది. నా సవాల్ వేరే. మన మొహమ్మద్ సిరాజ్ 1950లలో కుర్రాడై ఉంటే బాగా ఆడేవాడా లేదా అన్నది తర్వాతి సంగతి. అసలు క్రికెట్ మైదానం గేటు దాటేవాడా?

ఆ కాలపు హైదరాబాద్ క్రికెట్ చూడండి. సికింద్రాబాద్‌లో 1930-31లో మొదలైన మొయినుద్దౌలా గోల్డ్ కప్ ఒక నవాబు పేరు మీద నడిచింది. రంజీ ట్రోఫీ మొదటి సీజన్ 1934-35లో తొలి సెంచరీ కొట్టింది మన హైదరాబాదీయే, ఎస్.ఎం. హాదీ. 132 నాటౌట్. డేవిస్ కప్ టెన్నిస్ కూడా ఆడాడు. ఏడు ఆటల్లో దిట్ట కాబట్టి "రెయిన్‌బో హాదీ" అన్నారు. మాషా అల్లాహ్, గొప్ప హునర్. కానీ హాదీ సాబ్ కేంబ్రిడ్జ్‌లో చదువుకున్న మనిషి. సిరాజ్ తండ్రి, అల్లాహ్ ఆయనకు మగ్ఫిరత్ ఇవ్వాలి, ఆటో తోలి ఇల్లు నడిపాడు. ఆటో తోలేవాడి స్థానంలో జట్కా తోలేవాడిని ఊహించుకోండి. ఆ ఇంటి కుర్రాడికి తెల్ల ప్యాంటు ఎవరు కుట్టిస్తారు? టెస్టు ఆడితే ఆ రోజుల్లో చేతికొచ్చేది 250 రూపాయలు. ఇప్పుడు ఒక్క టెస్టుకు 15 లక్షలు.

మరి ఆ కుర్రాడు ఏమయ్యేవాడు? నా అందాజా, ఫుట్‌బాల్ ఆడేవాడు. అదీ పోలీసు టీములో.

ఎందుకంటే గల్లీ పిల్లవాడికి ఆ జమానాలో హైదరాబాద్‌లో తెరిచి ఉన్న దర్వాజా అదే. సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ వృత్తికి స్కూలు టీచరు. ఆయన తాలీమ్ ఇచ్చిన హైదరాబాద్ సిటీ పోలీస్ టీము 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. నూర్ మొహమ్మద్, అజీజుద్దీన్ లాంటి వాళ్లు ఆ తాలీమ్‌లో తయారైనవాళ్లే. ఆటతో పాటు పోలీసు నౌకరీ, నెలనెలా తన్ఖా. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో రహీం సాబ్ టీము నాలుగో స్థానానికి వచ్చింది. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి సోనా పతకం తెచ్చింది. అప్పటికే ఆయనకు క్యాన్సర్. 1963 జూన్‌లో కన్నుమూశారు.

తమాషా ఏమిటంటే, 2024 అక్టోబరులో సిరాజ్ తెలంగాణ పోలీసులో డీఎస్పీగా చేరాడు. ఆ జమానాలో నౌకరీ ముందు, ఆట తర్వాత. ఈ జమానాలో ఆట ముందు, నౌకరీ ఇనాముగా.

సరే, కిస్మత్ కలిసొచ్చి క్రికెట్‌లోకే వచ్చాడనుకుందాం. అప్పటి హిందుస్తాన్ టీము వీనూ మన్కడ్, సుభాష్ గుప్తే, మన గులాం అహ్మద్ ల స్పిన్ మీద బతికింది. ఫాస్ట్ బౌలర్ పని కొత్త బంతి మెరుపు పోగొట్టి పక్కకు తప్పుకోవడమే. సిరాజ్ చేతికి రోజుకు పది ఓవర్లు వస్తే గొప్ప. 2025లో ఇంగ్లండ్‌లో ఐదు టెస్టులూ ఆడి 185 ఓవర్లు దాటి వేసి 23 వికెట్లు తీశాడు కదా. అంత మెహనత్ అప్పట్లో స్పిన్నర్ల వంతు. గులాం అహ్మద్ 1950-51లో హోల్కర్ మీద ఒక్క ఇన్నింగ్స్‌లోనే 92 ఓవర్లకు పైగా వేశాడు. ఓపికలో వీళ్లిద్దరూ ఒకే ఇంటి వాళ్లనిపిస్తుంది.

బ్యాటు సంగతి వస్తే గులాం అహ్మదే మేలు. 1952లో ఢిల్లీలో పాకిస్తాన్‌తో మొట్టమొదటి టెస్టు. బట్వారా జరిగి ఐదేళ్లే. పదకొండో వాడిగా దిగిన ఈ హైదరాబాదీ ముసల్మాన్ 50 కొట్టాడు. హేమూ అధికారితో చివరి వికెట్‌కు 109 పరుగులు. అప్పుడు స్టేడియంలో కూర్చున్నవాళ్లలో కొందరైనా ఆయన పేరు చూసి ఒక కొలబద్ద పట్టుకునే ఉంటారు. ఆ కొలబద్ద ఇంకా పోలేదు. 2021లో పాకిస్తాన్ చేతిలో ఓడిన రాత్రి షమీని ఏమేమన్నారో ఫోన్లలో మనమంతా చదివాం. 2025 లార్డ్స్‌లో సిరాజ్ ఆడిన బంతి దొర్లుకుంటూ వెళ్లి వికెట్లకు తగిలి 22 పరుగులతో ఓడినప్పుడు నాకు భయమేసింది, ఇక మొదలవుతుందని. చాలామంది అతనితో పాటు బాధపడ్డారు. మూడు వారాల్లో ఓవల్‌లో ఆరు పరుగులతో గెలిచినప్పుడు చివరి వికెట్ తీసింది అతనే.

ఇంకొకటి. 2020 నవంబరులో తండ్రి పోయినప్పుడు సిరాజ్ ఆస్ట్రేలియాలో ఉన్నాడు. జనాజాకు రాలేకపోయాడు, కరోనా క్వారంటైన్. ఆ జమానాలో అయితే తార్ వచ్చేది, ఓడలో వారాల ప్రయాణం, అప్పుడూ కబ్రస్తాన్‌కు అందేవాడు కాదు. విమానాలొచ్చినా ఇందులో ఫర్క్ లేదు.

మన జిల్లాల దగ్గరికొస్తే లెక్క మారుతుంది. ఆంధ్ర పేరుతో రంజీ టీము వచ్చిందే 1953-54లో. అంతకుముందు గుంటూరు కుర్రాడు ఎంత ఆడినా మద్రాసు వాళ్ల కంట పడాలి. గుంటూరు అబ్బాయి షేక్ రషీద్ మంగళగిరిలో నేర్చుకుని, 2022 అండర్-19 ప్రపంచ కప్ సెమీఫైనల్లో ఆస్ట్రేలియా మీద 94 కొట్టాడు. మద్రాసు రైలు ఎక్కాల్సిన పని అతనికి పడలేదు. పత్తి తీసిన చేలల్లో టెన్నిస్ బంతితో ఆడే మన పిల్లలు ఇప్పుడు అతని పేరే చెబుతున్నారు. సిరాజ్ కూడా చాలాకాలం టెన్నిస్ బంతితోనే ఆడాడని వాళ్లకు తెలుసు.