బ్రెజిల్ దేశపు చిన్న సంఘములు – స్త్రీల మేలుకొలుపు

సంఘ చరిత్ర వ్రాయునప్పుడు బిషప్పుల పేర్లు, దేవాలయ ప్రతిష్ఠ తేదీలు ముందుగా వచ్చును. పిల్లలకు ప్రార్థన నేర్పి, రోగులను పరామర్శించి, కూడికలకు ఇరుగుపొరుగును పిలుచుకొని వచ్చిన స్త్రీల పేర్లు ఆ పుటలలో అరుదు. బ్రెజిల్ దేశపు రోమన్ కతోలిక సంఘ చరిత్రలో వారి పాత్రను విస్మరించుటకు వీలు లేదు.

బ్రెజిల్ మిక్కిలి విశాలమైన దేశము, గురువులు కొద్దిమంది. 1950వ దశకము చివర బార్రా దో పిరాయి మేత్రాసనములో ఒక వృద్ధురాలు బిషప్ ఆగ్నెలో రోస్సీగారితో మొరపెట్టుకొనెనని చెప్పుదురు. క్రిస్మస్ నాడు తమ ఊరి ప్రొటెస్టెంటు దేవాలయములు మూడును దీపములతో వెలుగుచుండగా, కతోలిక గుడి మాత్రము గురువు లేక చీకటిలో మూసియుండెనని ఆమె బాధ. బిషప్పుగారు సామాన్య విశ్వాసులకే తర్ఫీదునిచ్చి, గురువు రాని ఊళ్లలో ప్రార్థనలు జరిపించిరి. 1963లో నీసియా ఫ్లోరెస్తా విచారణ బాధ్యత మఠకన్యలకు అప్పగింపబడెను.

రెండవ వాటికన్ మహాసభ (1962–65), 1968లో మెడెలిన్ నగరమున జరిగిన లాటిన్ అమెరికా బిషప్పుల సభ ఈ చిన్న సంఘములకు బలము చేకూర్చినవి. కొన్ని కుటుంబములు కూడి వాక్యము చదువుకొని, దానిని తమ బ్రతుకుతో సరిచూచుకొని, చేయదగిన పనిని నిర్ణయించుకొనుట వీరి పద్ధతి. వచ్చినవారిలో అధిక సంఖ్యాకులు స్త్రీలు. ఇతర సభలకు పోనీయని భర్తలు సహితము ప్రార్థన కూడికను తరచుగా ఆక్షేపింపలేదు. నలుగురిలో నోరు విప్పని స్త్రీ అచ్చట వాక్యము చదివెను, తన అభిప్రాయము చెప్పెను, కూడికను నడిపించెను.

1964లో సైనిక ప్రభుత్వము వచ్చిన పిదప ప్రజలు స్వేచ్ఛగా కూడుకొనుటకు మిగిలిన కొద్ది స్థలములలో దేవాలయము ఒకటి. సావ్ పావ్లో నగరపు పేదల పేటలలోని తల్లుల సంఘములు కుట్టుపనితో పాటు బియ్యము, చిక్కుడు గింజల ధరలను గూర్చియు మాటలాడసాగెను. అందుండి ధరల పెరుగుదలపై ఉద్యమము పుట్టెను. 1978లో 13 లక్షల సంతకములతో అర్జీ సిద్ధమై, ఆగష్టు 27న కథీడ్రల్ ఎదుట బహిరంగ సభ జరిగెను. ప్రభుత్వము వారి కోరికలను మన్నింపలేదు. అయినను ఆ స్త్రీలు వెనుకకు పోలేదు. శిశు సంరక్షణ కేంద్రములు, ఆరోగ్య కేంద్రములు కావలెనని పేటపేటలోను పోరాడిరి.

అయితే ఒక లోపము మిగిలెను. పని స్త్రీలది, అధికారము గురువులది. ఇంటిలోని కొట్లాటలు, కాన్పుల భారము వంటి సంగతులు కూడికలలో చర్చకు వచ్చుట అరుదు. 1985లో సైనిక పాలన ముగిసిన పిదప పలువురు పార్టీలలోను, ఇతర సంఘములలోను చేరిరి. చిన్న సంఘముల బలము తగ్గెను. 2019 అమెజాన్ సినడు, సంఘములను నడుపు స్త్రీలకు అధికారికమైన పరిచర్య ఏర్పరచవలెనని కోరెను. 2021 జనవరిలో పోపు ఫ్రాన్సిస్ వాక్య పఠన, పీఠ సేవల నియామకమును స్త్రీలకు కూడ తెరిచిరి. వారు దశాబ్దములుగా చేయుచుండిన పనికి గుర్తింపు అంత ఆలస్యముగా వచ్చెను.

ప్రియులారా, సేవను స్వీకరించి సేవకురాలిని గుర్తింపకుండుట న్యాయము కాదు. మన కమిటీలలో నిర్ణయములు చేయు బల్లయొద్ద ఎందరు సోదరీమణులు కూర్చుండిరో ఈ శతవార్షికమున లెక్కించుకొందము.