ప్రాగ్ టీవీ తాళంచెవి ఎవరి దగ్గర?

చెకోస్లొవేకియాలో టీవీ ప్రసారాలు 1953 మేలో మొదలయ్యాయి. పుట్టుకతోనే అది కమ్యూనిస్టు పార్టీ గొంతు. 1968 ఆగస్టులో సోవియట్ ట్యాంకులు ప్రాగ్‌లోకి దిగినప్పుడు మాత్రం, సిబ్బంది రహస్య చోట్ల నుంచి ప్రసారాలు నడిపి ఆ గొంతు మార్చారు. అది కొద్ది రోజుల ముచ్చటే. మళ్లీ 1989 నవంబరులో, లెట్నా మైదానంలో లక్షలాది జనం గుమిగూడిన సభను ప్రత్యక్షంగా చూపించి తీరాలని టీవీ ఉద్యోగులే పట్టుబట్టారు. పార్టీ పెత్తనం అక్కడితో సరి.

పెత్తనం పోయిందిగానీ, ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలన్నది తేలలేదు. 1991లో చేసిన చట్టాలు ప్రభుత్వ టీవీని ప్రజల టీవీగా మార్చాయి. 1992 జనవరి 1న చెక్ టెలివిజన్ పుట్టింది. ఖర్చులకు ఇంటింటా వసూలయ్యే రుసుము. పైన తొమ్మిదిమంది మండలి. డైరెక్టర్ జనరల్‌ను నియమించేది ఆ మండలే. ప్రైవేటు చానళ్లకు లైసెన్సులిచ్చే మండలి వేరు. కాగితం మీద లోటేమీ లేదు. కాకపోతే రెండు మండళ్ల సభ్యులనూ ఎన్నుకునేది రాజకీయ నాయకులు నిండిన చట్టసభ. తంటా అంతా అక్కడే.

ముందు దెబ్బతిన్నది లైసెన్సుల మండలి. సంస్కృతి, గంభీరమైన కార్యక్రమాలు అంటూ హామీలిచ్చిన సీఈటీ 21 అనే సంస్థకు 1993లో దేశవ్యాప్త లైసెన్సు దక్కింది. అమెరికన్ కోటీశ్వరుడు రోనాల్డ్ లాడర్ కంపెనీ సీఎంఈ డబ్బు పెట్టింది. 1994 ఫిబ్రవరి 4న టీవీ నోవా తెరమీదికి వచ్చింది. హామీలు ఏమయ్యాయో తర్వాత వచ్చిన వాతావరణ వార్తలు చూస్తే చాలు: వ్యాఖ్యాత దిగంబరంగా కనబడి, రేపటి చలికీ ఎండకీ తగ్గట్టు ఒక్కొక్క బట్టా వేసుకునేవారు! జనం విరగబడి చూశారు. 1994లోనే చట్టసభ లైసెన్సుల మండలి సభ్యులందరినీ ఇంటికి పంపింది. ఆ తర్వాత చట్టాన్నే సవరించి, లైసెన్సు షరతులను వదిలించుకునే దారి చూపారు.

1999లో నోవా అధినేత వ్లదిమీర్ జెలెజ్నీకీ సీఎంఈకీ చెడింది. ఆగస్టులో ఒకనాడు సీఈటీ 21 ఆ కంపెనీ సిగ్నల్‌ను పక్కకు నెట్టి, వేరే స్టూడియో నుంచి అదే పేరుతో ప్రసారం మొదలెట్టింది. నియంత్రణ మండలి మా పెట్టుబడిని కాపాడలేదంటూ లాడర్ ఒకవైపు, ఆయన కంపెనీ మరోవైపు చెక్ దేశం మీద మధ్యవర్తిత్వ కేసులు వేశారు. 2001 సెప్టెంబరులో పదిరోజుల తేడాతో లండన్ ట్రిబ్యునల్ పరిహారం లేదంది, స్టాక్‌హోం ట్రిబ్యునల్ ఇవ్వాల్సిందేనంది. చివరికి 2003లో చెక్ ఖజానా వెయ్యి కోట్ల కొరునాలకు పైగా చెల్లించింది. మండలి మెత్తబడితే బిల్లు పన్ను కట్టేవాడి పేరన వస్తుందని అప్పుడు తెలిసింది.

ఈలోగా ప్రజల టీవీ వంతు వచ్చింది. 2000 డిసెంబరులో మండలి ఉన్న డైరెక్టర్‌ను తీసేసి, 20న బీబీసీలో పనిచేసి వచ్చిన యిర్జీ హొదాచ్‌ను కూర్చోబెట్టింది. ఆయన ఒక పార్టీకి దగ్గరవాడని న్యూస్‌రూం తిరగబడింది. విలేకరులు కవ్చీ హోరిలోని టీవీ భవనం వదలకుండా అక్కడే పడుకున్నారు. వాళ్ల వార్తలు వాళ్లవి, యాజమాన్యం వార్తలు యాజమాన్యానివి. ఒక దశలో తెర నల్లబడి, ప్రసారంలో అనధికార జోక్యం జరుగుతోందన్న ప్రకటన మాత్రం మిగిలింది. పండగ రోజుల్లో టీవీ లేకపోతే ఏ దేశమైనా విసుక్కుంటుంది; చెక్‌లు వీధికెక్కారు. జనవరి 3న వెన్సెస్లాస్ స్క్వేర్‌లో లక్షమంది దాకా పోగయ్యారు. జనవరి 11న హొదాచ్ ఆరోగ్య కారణాలు చెప్పి తప్పుకున్నారు.

ఆ నెలలోనే చట్టం మారింది. మండలి పదిహేనుమందికి పెరిగింది. పేర్లను పౌరసంఘాలు ప్రతిపాదిస్తాయి. ఎన్నుకునేది మాత్రం మళ్లీ దిగువ సభే. 2023 సవరణతో సభ్యులు పద్దెనిమిదిమందయ్యారు, అందులో ఆరుగురిని సెనేట్ ఎన్నుకుంటుంది. తాళంచెవి రెండు సభల చేతికి చేరింది. చట్టసభ గడప మాత్రం దాటలేదు.